చేతి గడియారం బంగారం కాదు

విశాఖలో వాచీల మోజు మళ్ళీ మొదలైంది. సిరిపురంలో, ఎంవీపీ కాలనీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసే కుర్రాళ్ళు, ఓడ దిగి సెలవు మీద ఇంటికొచ్చిన మర్చంట్ నేవీ ఇంజనీర్లు, ఉక్కునగరం క్వార్టర్లలో పుట్టి పెరిగి ఇప్పుడిప్పుడే మొదటి జీతాలు అందుకుంటున్న పిల్లలు ఒకదాని తర్వాత ఒకటి వాచీలు పోగుచేస్తున్నారు. ఫోనులో టైము చూసుకునే కాలంలో ఒక చిన్న యంత్రం మీద ఇంత ప్రేమ పుట్టడం నాకు సంతోషమే. కానీ వాళ్ళలో చాలామంది నోట ఒకే మాట వినిపిస్తోంది: "ఇది ఖర్చు కాదండీ, పెట్టుబడి. బంగారం లాంటిదే. పదేళ్ళు పోతే రెట్టింపు." ఎంతో ధీమాగా చెబుతున్న ఈ మాట పూర్తిగా తప్పు. దీన్ని నమ్మి డబ్బు పోగొట్టుకుంటున్న వాళ్ళను చూస్తూ ఊరుకోవడం నాకు చేతకావడం లేదు.

కొత్తగా కొనేవాళ్ళు చేసే పొరపాట్లు ఇవీ అంటూ అనుభవం ఉన్నవాళ్ళు చాలానే చెబుతుంటారు. తొందరపడి కొనడం, మణికట్టుకు మించిన సైజు తీసుకోవడం, నకిలీని పోల్చుకోలేకపోవడం, సర్వీసింగు ఖర్చు లెక్కెయ్యకపోవడం. అన్నీ నిజమే. కానీ వాటిని వేటికవి విడి పొరపాట్లుగా చూపిస్తారు తప్ప, పెట్టుబడి అన్న మాట జోలికి ఎవరూ పోరు. పైగా 'మళ్ళీ అమ్మితే ధర పలికే బ్రాండే కొనుక్కో' అని వాళ్ళే సలహా ఇస్తారు. నా అభ్యంతరం అక్కడే. పెట్టుబడి అనుకున్నవాడు తనకు నచ్చిన వాచీ కొనడు; రేపు ఇంకెవరికో నచ్చబోయేది ఏదో ఊహించి కొంటాడు. ధర పెరిగిపోతుందన్న భయంతో తొందరపడతాడు. మెరుగు చూసి మోసపోతాడు. గీత పడితే విలువ పోతుందని చేతికి పెట్టుకోడు. ఆ పొరపాట్లన్నీ ఈ ఒక్క నమ్మకంలోంచి పుట్టుకొచ్చినవే.

ముందు బంగారం సంగతి తేల్చుకుందాం. మన ఇళ్ళలో దేని విలువైనా దానితోనే కదా కొలుస్తాం. కురుపాం మార్కెట్లో ఏ దుకాణం మెట్లెక్కినా ఆ రోజు రేటు ఎంతో చెబుతారు. తూకం వేస్తారు, గీటురాయి మీదో మిషన్లోనో స్వచ్ఛత చూస్తారు, తరుగు తీసేసి డబ్బు లెక్కపెడతారు. మీ గొలుసు ఏ ఊళ్ళో చేయించారో, దాని పెట్టె ఉందో లేదో ఎవరూ అడగరు. అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చు పడితే తెల్లారేసరికి తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చుకోవచ్చు. వాచీకి ఈ రోజు రేటు ఎవరు చెబుతారు? కొనేవాడు దొరికిన రోజున, వాడు ఇస్తానన్నదే రేటు. పెట్టె లేదంటే కొంత కోత, బిల్లు లేదంటే ఇంకొంత, అద్దం మీద గీత ఉంటే మరికొంత. 1990లో పది గ్రాముల బంగారం మూడు వేల రూపాయల చిల్లర. 2025 ఏప్రిల్‌లో అది లక్ష దాటింది. ఆ లెక్కన ముప్పై రెట్లు పెరిగిన వాచీ మీ ఇంట్లో ఉందేమో, పాత బిల్లు తీసి చూసుకోండి.

పెట్టుబడి వాదులు ఈ మాట అనగానే పెద్ద వేలాల పేర్లు చదువుతారు. 2017లో న్యూయార్క్ వేలంలో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనాకు కోటీ 77 లక్షల డాలర్లు వచ్చాయి. నిజమే. కానీ ఆ డబ్బు వాచీకి వచ్చిందా, ఆ మనిషికి వచ్చిందా? ఆయనకు భార్య కొనిచ్చిన వాచీ అది. వెనక మూత మీద ఆవిడ చెక్కించిన మాటలున్నాయి. ఆ ఒక్క వాచీకి ఉన్న కథ ఇంకో వాచీకి లేదు. దాన్ని చూసి డాబాగార్డెన్స్‌లో ఒక కుర్రాడు అప్పు చేసి స్విస్ వాచీ కొనడం ఏం లెక్క?

కరోనా తర్వాతి రోజుల్లో ఏమైందో కూడా గుర్తు చేసుకోవాలి. బయట తిరిగే వీలు లేక, చేతిలో డబ్బు ఆడి, ప్రపంచమంతా జనం కొన్ని వాచీల మీద పడ్డారు. డేటోనా, పటేక్ ఫిలిప్ నాటిలస్, ఆడెమార్ పిగే రాయల్ ఓక్ వంటివి బయటి మార్కెట్లో షోరూం ధరకు రెట్టింపు, కొన్ని అంతకు మించి పలికాయి. 2022 మొదటి నెలల్లో ఆ ధరలు శిఖరానికి చేరాయి. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా దిగుతూనే వచ్చాయి. 'వాచీ ధర ఎప్పుడూ పెరగడమే గానీ తగ్గడం ఉండదు' అని అప్పట్లో నమ్మి శిఖరం దగ్గర కొన్నవాళ్ళు నష్టానికి అమ్ముకున్నారు. ఇదంతా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే మోడళ్ళ కథ. మిగిలిన వాచీల్లో చాలా భాగం షోరూం గుమ్మం దాటగానే ధర పోగొట్టుకుంటాయి, కొత్త స్కూటరు రిజిస్ట్రేషన్ అవగానే పాతదైపోయినట్టు. ఇంకో సంగతి. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా కూటమితో మన దేశం 2024 మార్చిలో చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గించుకుంటూ పోవడం అందులో ఉంది. ఈరోజు సుంకం కట్టి కొన్న సరుకు రేపు సుంకం తగ్గి వస్తుందని తెలిసి కూడా దాన్ని పెట్టుబడి అని ఎలా అంటారు?

స్విస్ వాచీల దాకా పోయే స్తోమత మనలో కొద్దిమందికే. ఈ నమ్మకం ఎక్కువమందిని ముంచుతున్నది హెచ్ఎంటీ పేరు మీద. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

హెచ్ఎంటీ అంటే హిందుస్తాన్ మెషిన్ టూల్స్, 1953లో పుట్టిన ప్రభుత్వరంగ సంస్థ. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల కర్మాగారం పెట్టింది. తర్వాత శ్రీనగర్‌లో, తుమకూరులో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణీబాగ్‌లో మరికొన్ని. జనతా, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్ అంటే తెలుగునాట తెలియని ఇల్లు ఉండేది కాదు. పెళ్ళిలో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో అన్న రోజుల్లో ఆ వాచీ చాలాసార్లు హెచ్ఎంటీయే. 2016 జనవరిలో హెచ్ఎంటీ వాచెస్‌ను మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అదే నిర్ణయంలో హైదరాబాదులోని హెచ్ఎంటీ బేరింగ్స్ కూడా పోయింది. మూసివేత కబురు బయటికి వచ్చినప్పటి నుంచి జనం ఎగబడ్డారు. 'కంపెనీ పోయింది, ఇక రాదు, కాబట్టి ధర పెరగక తప్పదు' అన్నారు.

ఈ 'కాబట్టి' దగ్గరే తర్కం చెడింది. కంపెనీ మూతపడితే సరుకు అరుదైపోదు. హెచ్ఎంటీ కోట్ల కొద్దీ వాచీలు చేసింది. వాటిలో లక్షలాది వాచీలు ఇంకా బీరువాల్లో, ట్రంకుపెట్టెల్లో, పూజగది సొరుగుల్లో పడున్నాయి. అదీకాక హెచ్ఎంటీ మాతృసంస్థ ఇప్పటికీ ఆ పేరుతో వాచీలు అమ్ముతూనే ఉంది. పోనీ మూతపడితే ధర వస్తుందనేదే సూత్రమైతే, మన హైదరాబాద్ ఆల్విన్ మాటేమిటి? ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆ సంస్థ 1980లలో జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. ఆల్విన్ ట్రెండీ పేరు ఆనాటి వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. హెచ్ఎంటీ కంటే ఎన్నో ఏళ్ళ ముందే అది కనుమరుగైంది. చేసిన సంఖ్య కూడా తక్కువే. అయినా హెచ్ఎంటీకి పలికే ధర ఆల్విన్‌కు పలకదు. వాచీ ధరను నిలబెట్టేది జనం మోజు. ఆ మోజు ఎప్పుడు ఎటు మళ్ళుతుందో ఎవరూ చెప్పలేరు.

మోజు పుట్టిన చోటికి సరుకు తయారుచేసే వాళ్ళు వస్తారు. ముంబయి వైపు నుంచి 'రీఫర్బిష్డ్' పేరుతో వచ్చే హెచ్ఎంటీలు, సీకో 5లు, ఫావ్ర్ లూబాలు, వెస్ట్ ఎండ్‌లు ఇప్పుడు దేశమంతా తిరుగుతున్నాయి. ముదురు నీలం, ఆకుపచ్చ, నారింజ, గులాబీ డయళ్ళు. చాలాసార్లు ఆ మోడల్‌కు కర్మాగారం ఎన్నడూ చెయ్యని రంగులు. చూడ్డానికి నిగనిగలాడుతుంటాయి. ధర చూస్తే చవక. కొత్తగా దిగినవాడు ఒకటి కొంటాడు, బాగుందని ఐదు కొంటాడు. అరవై ఏళ్ళ నాటి వాచీ ఇంత కొత్తగా ఎలా ఉందని అడగడు. పెట్టుబడి అనుకున్నాడు కదా, మెరుపే విలువ అనుకుంటాడు.

పూర్ణా మార్కెట్ వైపు సందుల్లో ఇంకా కొద్దిమంది పాత మెకానిక్‌లు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన ముందు కూర్చుని అలాంటి పైలట్ ఒకటి విప్పడం చూశాను. తెచ్చిన కుర్రాడిది గాజువాక. ఆన్‌లైన్లో కొన్నాడు. '1970ల నాటి ఒరిజినల్, వాడనిది' అని రాసి అమ్మారట. మెకానిక్ కంటికి భూతద్దం పెట్టుకుని ముందు డయల్ చూశాడు. అంకెల అంచులు మందంగా, సిరా పీల్చుకున్నట్టున్నాయి. నిమిషాల గీతలు అంకెలకు ఎదురుగా లేవు, వెంట్రుకవాసి పక్కకు జరిగాయి. పెద్ద ముల్లు ఒక మోడల్‌ది, సెకన్ల ముల్లు ఇంకో మోడల్‌ది. కేసు కొమ్ముల దగ్గర అంచులు పాలిష్‌కు అరిగి గుండ్రమైపోయాయి. బెల్టు పిన్ను పడే సందులో క్రోము పూత లేచి లోపలి పసుపుపచ్చ ఇత్తడి కనిపిస్తోంది. వెనక మూత తీస్తే రబ్బరు వాషరు లేదు. ఉండాల్సిన గాడిలో నల్లగా మట్టి పేరుకుంది. కీ దూరే చోట తుప్పు. మిషను మాత్రం హెచ్ఎంటీదే, కీ ఇచ్చే 17 జ్యూవెల్స్‌ది. కానీ దాని బ్రిడ్జి మీద స్క్రూ తలలు అడ్డదిడ్డంగా గీరుకుపోయి ఉన్నాయి. ఎన్ని చేతులు పడ్డాయో.

"మొహానికి రంగేశారు బాబూ, లోపల ఒంటికి మందెయ్యలేదు," అన్నాడాయన. కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మితే ఎంతొస్తుందండీ?" ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఎందుకు అమ్మడం? బాగుచేసి పెట్టుకో. నడుస్తాది," అన్నాడు.

ఆ ఇద్దరిలో పెట్టుబడి గురించి తెలిసినవాడు మెకానిక్కే. ఆ వాచీలో మిగిలిన విలువ ఏదైనా ఉంటే అది దాని నడకలోనే ఉందని ఆయనకు తెలుసు.

రీడయల్ చేసిన, అంటే డయల్‌కు మళ్ళీ రంగు వేసిన వాచీ కొనడం నేరమని నేను అనడం లేదు. రంగు వేసినదని చెప్పి, ఆ ధరకే అమ్మితే, నచ్చినవాడు కొనుక్కోవచ్చు. దాన్ని ఒరిజినల్ అని చెప్పి, దాచిపెడితే విలువ పెరుగుతుందని నమ్మించడమే మోసం. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. ప్రభుత్వ కర్మాగారం అంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో రోడ్డెక్కి, ప్రాణాలిచ్చి కర్మాగారం తెచ్చుకున్న రాష్ట్రం మనది. 2021 జనవరిలో దాన్ని అమ్మెయ్యాలని కేంద్రం నిర్ణయిస్తే ఏళ్ళ తరబడి నిరసన శిబిరాల్లో కూర్చున్న ఊరు ఇది. ఇక్కడివాడు హెచ్ఎంటీ మీద అభిమానంతో ఒక వాచీ కొంటే నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ అభిమానం దక్కాల్సింది తుమకూరులోనో బెంగళూరులోనో కార్మికులు కూర్చి పంపిన వాచీకి. ఆ డయల్ గీకేసి, వాళ్ళ పనితనం చెరిపేసి, పైన గులాబీ రంగు పూసిన దానికి ఆ అభిమానంతో సంబంధం లేదు. మచ్చలు పడ్డ పాత డయల్, వెలిసిన అంకెలు, అరిగిన కీ ఉన్న వాచీయే అసలు సాక్ష్యం. మన కుర్రాళ్ళు దాన్ని చూసి 'పాడైంది' అని పక్కన పెట్టి, రంగు వేసినదాన్ని ఎంచుకుంటున్నారు.

మన రేవులో కథలు కూడా వాచీలతో పాటే అమ్ముడుపోతాయి. 'మా నాన్న ఓడలో చీఫ్ ఇంజనీరు, జపాన్‌లో కొన్న సీకో ఇది.' 'స్టీల్ ప్లాంటు కట్టేటప్పుడు రష్యా ఇంజనీరు కానుకగా ఇచ్చిన వోస్తోక్.' 'నేవీ సరుకు, బయట దొరకదు.' విశాఖలో ఈ మూడూ నమ్మబుద్ధేస్తాయి, ఎందుకంటే ఈ ఊళ్ళో ఓడలున్నాయి, నేవీ ఉంది, సోవియట్ నిపుణులు నిజంగానే వచ్చి ఉక్కు కర్మాగారానికి పనిచేశారు. అంతమాత్రాన ఎదురుగా ఉన్న వాచీకి ఆ చరిత్ర అంటుకోదు. కథకు కాగితం ఉంటే చూపించమనండి. లేకపోతే వాచీకి ఎంతో అంతే ఇవ్వండి, కథకు పైసా ఇవ్వకండి. 'ఫస్ట్ కాపీ' అని రైల్వే స్టేషను దగ్గరా బజార్లలో అమ్మే దొంగ రోలెక్స్‌ల గురించి నేను ఎక్కువ చెప్పను. పేరు దొంగిలించిన సరుకు అది, కొనకండి.

ఇక పెట్టుకోకుండా దాచడం. డబ్బాలో, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా, 'మింట్ కండిషన్' పోతుందని బీరువాలో పెడుతున్నారు. చలిదేశాల్లో పుట్టిన ఈ సలహాను సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో పాటిస్తే వాచీ దక్కదు. మన గాలిలో ఏడాది పొడుగునా తేమ, ఉప్పు. తోలు బెల్టుకు బూజు పడుతుంది. రబ్బరు వాషరు ఎండి బిరుసెక్కుతుంది. నూనె చిక్కబడి పళ్ళచక్రాల ఇరుసులకు అంటుకుంటుంది. సెల్లు వేసి దాచేసిన వాచీలో సెల్లు కారి సర్క్యూటును తినేస్తుంది. దాచిన వాచీలో ఇది జరుగుతున్నట్టు మీకు తెలియదు. రోజూ పెట్టుకునే వాచీ వెనకబడితే సాయంత్రానికే తెలుస్తుంది, వెంటనే మెకానిక్ దగ్గరికి పోతారు. కీ ఇచ్చే వాచీకైనా ఆటోమేటిక్‌కైనా నాలుగైదేళ్ళకోసారి విప్పి కడిగి నూనె వెయ్యక తప్పదు. ఆ ఖర్చు పెట్టుబడి లెక్కల్లో ఎవరూ రాయరు. పది వాచీలు ఉన్నవాడు పదింటికీ ఆ ఖర్చు భరించాలి. లాభం అనుకున్నదంతా నూనెకూ వాషర్లకూ పోతుంది.

ఆర్కే బీచ్‌కి, రుషికొండకి వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. వాచీ మీద '30 మీటర్లు' అని ఉంటే ముప్పై మీటర్ల లోతుకు దిగొచ్చని కాదు. ప్రయోగశాలలో కదలకుండా పెట్టి ఆ ఒత్తిడి తట్టుకుందని చూశారని. చేతులు కడుక్కుంటే, వానలో తడిస్తే ఫరవాలేదు. ఈత కొట్టాలంటే 100 మీటర్లది కావాలి. నీటి అడుగుకు దిగేవాళ్ళకైతే ఐఎస్ఓ 6425 ప్రమాణానికి తూగిన డైవింగ్ వాచీ. పైన చెప్పిన పైలట్ లాంటి వాషరు లేని వాచీలో సముద్రపు నీరు ఒక్క చుక్క దూరినా హెయిర్ స్ప్రింగు తుప్పుపట్టిపోతుంది.

ఉక్కు ఊరికి మరో ప్రత్యేకమైన చిక్కుంది. పెద్ద మోటార్లు, విద్యుదయస్కాంతాలతో ఇనుము ఎత్తే క్రేన్లు ఉన్న చోట పనిచేసేవాళ్ళ కీ వాచీ ఉన్నట్టుండి రోజుకు పదేసి నిమిషాలు ముందుకు పరుగెడుతుంది. హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పట్టి చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొడవు తగ్గినట్టై ఊపు వేగమవుతుంది. వాచీ పాడైపోయిందనుకుని తక్కువకు అమ్మేసినవాళ్ళు ఉన్నారు. దిక్సూచి ముల్లు దగ్గర పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అయస్కాంతం వదిలించే చిన్న యంత్రం మీద ఒక్క నిమిషం పని. ఇప్పుడు ఫోను స్పీకర్లు, అయస్కాంతపు బొత్తాములున్న పర్సులు వచ్చాక ఈ బాధ ప్లాంటుకు పోనివాళ్ళకూ వస్తోంది.

ఇక సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీ మాట. కొత్తగా వాచీల్లోకి వచ్చినవాళ్ళకు మొదట నేర్పే మతం 'క్వార్ట్జ్ వాచీయే కాదు' అనేది. పెట్టుబడి వాదానికి ఇది తోబుట్టువు. సెల్లు వాచీ ధర పెరగదు కాబట్టి దానికి విలువ లేదట. ఈ ఊళ్ళో నిలబడి ఈ మాట ఎలా అంటారో నాకు అర్థం కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో తన ఇంటి దగ్గర వేధశాల కట్టించాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపించి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని ఇక్కడి నుంచి గమనించాడు. డాల్ఫిన్ నోస్ కొండ మీద జెండా కొయ్య గుర్తుతో వేళ తెలిపే ఏర్పాటు ఆ వేధశాలతో ముడిపడి ఉండేది. ఓడకు సరైన వేళ ఎందుకంటే, రేఖాంశం లెక్కలో నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు తప్పుతుంది. జాన్ హారిసన్ కట్టిన గడియారం 1761లో ఓడెక్కి జమైకా దాకా వెళ్ళి, సరైన వేళ తెలిస్తే రేఖాంశం తెలుస్తుందని మనిషికి చూపించింది. గడియారం పుట్టింది సరైన వేళ చెప్పడానికి. మామూలు ఆటోమేటిక్ రోజుకు పది, ఇరవై సెకన్లు తప్పుతుంది. మామూలు సెల్లు వాచీ నెలకు పదిహేను సెకన్లు తప్పితే గొప్ప. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం అందులో ఉంది. 1969 డిసెంబరు 25న సీకో మొదటి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టింది; ఆ తర్వాత కొన్నేళ్ళకు నావికుడికి, నర్సుకి, పొద్దుటి షిఫ్టుకు బస్సెక్కే కార్మికుడికి సరైన వేళ చవకలో అందింది. తెలుగు మాటలు ఎటు చూసినా వినిపించే హోసూరులో టైటన్ 1980లలో మొదలుపెట్టింది క్వార్ట్జ్‌తోనే. 2002లో వచ్చిన టైటన్ ఎడ్జ్ మిషను మందం 1.15 మిల్లీమీటర్లు. మన ఇంజనీర్లు అంత పలచగా చేశారు. ఇది సేకరించదగిన వాచీ కాదంటే ఏది సేకరించదగినది?

'అయితే వాచీలు కొనొద్దంటారా?' అని అడుగుతారు. కొనండి. పోగుచెయ్యండి. నేనూ ఆ మోజు ఉన్నవాడినే. కానీ పోయినా ఇల్లు గడిచే డబ్బుతోనే కొనండి, అప్పుతో ఈఎంఐతో కాదు. చవకవి పది కొనే బదులు, మీ ఊళ్ళో బాగుచేయించుకోగల ఒక్క మంచిది కొనండి. దాన్ని చేతికి పెట్టుకుని తిరగండి. నెలల తరబడి వాడితేగాని మీ చేతికి ఏ సైజు సరిపోతుందో, చైను నచ్చుతుందో బెల్టు నచ్చుతుందో, రోజూ కీ ఇచ్చే ఓపిక మీకుందో లేదో తెలియదు. అవి తెలిశాకే రెండోది. అమ్మేవాడు 'ఇవాళ ఒక్కరోజే ఈ ధర' అంటే లేచి వచ్చెయ్యండి. వెనక మూత తీసిన ఫోటో ఇవ్వననేవాడి దగ్గర పాత వాచీ కొనకండి.

పెట్టుబడి వాదం చేస్తున్న అసలు నష్టం కొనేవాడి జేబుకు మాత్రమే కాదు. డబ్బంతా అమ్మకం వైపు పోతోంది, బాగుచేసేవాడి వైపు పోవడం లేదు. ఐదు వేలు పెట్టి రంగు డయల్ వాచీ కొన్నవాడు, నాన్నగారి వాచీ సర్వీసింగుకు ఎనిమిది వందలు అడిగితే బేరమాడతాడు. ఆ పనికి బల్ల ముందు కూర్చున్న మనిషి నలభై ఏళ్ళు నేర్చిన విద్య ఉపయోగిస్తున్నాడు. ఆయన కొడుకు ఆ బల్ల ముందు కూర్చోవడం లేదు. ఆయన పాత డబ్బాల్లో దాచిన హెచ్ఎంటీ బాలన్స్ వీళ్ళు, కీలు, స్ప్రింగులు ఆయన తర్వాత ఎవరికి పనికొస్తాయి? మెకానిక్‌లు కనుమరుగైన ఊళ్ళో కీ వాచీ ఎంత పెట్టి కొన్నా అది ఆగిపోయేదాకే వాచీ.

కాబట్టి కొత్తది కొనే ముందు మీ ఇంట్లో బీరువా తెరవండి. నాన్నదో తాతదో ఒక వాచీ అక్కడ ఉండే ఉంటుంది. డయల్‌కు రంగు వేయించకండి, కేసుకు పాలిష్ పెట్టించకండి. పూర్ణా మార్కెట్ సందుల్లోనో, గాజువాకలోనో, మీ వీధి చివరో ఉన్న పాత మెకానిక్ దగ్గరికి ఈ ఆదివారం తీసుకెళ్ళండి. విప్పి, కడిగి, నూనె వేసి, కొత్త వాషరు పెట్టమనండి. అడిగినంత ఇవ్వండి. ఆ తర్వాత ఏ వాచీ కొనాలనిపించినా ముందు ఆయన్నే అడగండి: "దీనికి సామాను దొరుకుతుందా, మీరు బాగుచెయ్యగలరా?" ఆయన కాదంటే ఆ వాచీ కొనకండి.